గేటు ఎత్తేశాక దారి ఎటు?

(కాజీపేటలో రైల్వే ట్రాక్ విభాగంలో పనిచేసి రిటైరై, ఇప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉత్తర తెలంగాణ రోడ్లను, రైలు మార్గాలను సరిచేస్తున్న మ్యాపర్ ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నారు.)

ప్రశ్న: మాది జమ్మికుంట దగ్గర పల్లె. రైల్వే గేటు తీసేసి, కొంచెం అవతల అండర్ బ్రిడ్జి కట్టారు. కొత్తగా వచ్చే ఆటోవాళ్లు, కొరియర్ పిల్లలు ఫోన్ చూసుకుంటూ పాత గేటు దగ్గరికే వచ్చి ఆగిపోతున్నారు. దీన్ని మేమే సరిచేయొచ్చా?
– మెడికల్ షాపు నడిపే పాఠకుడు

జవాబు: చేయొచ్చు. నిజానికి మీరే చేయాలి. ఆ గేటు మూసేశారన్న సంగతి మీ ఊరివాళ్లకు తెలిసినంత ఖాయంగా ఇంకెవరికీ తెలియదు.

ముందు వాళ్ల ఫోన్‌లో ఉన్నది ఏ మ్యాపో అడగండి. కంపెనీల సొంత మ్యాపులైతే ఆ యాప్‌లోనే తప్పు తెలిపే ఏర్పాటు ఉంటుంది. వాళ్లు ఎప్పుడు సరిచేస్తారన్నది వాళ్లిష్టం. నేను పనిచేసేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో. దీన్ని 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలుపెట్టారు. ఎవరైనా అకౌంటు తెరిచి మార్పులు చేయొచ్చు, ఫలానా చోటి నుంచి తీసుకున్నామని చెప్పి, లైసెన్సు షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటి యాప్‌లు పూర్తిగా ఈ డేటా మీదే నడుస్తాయి. పెద్ద కంపెనీలు కూడా చాలాచోట్ల దీన్ని వాడుకుంటున్నాయి.

ఇక మీ గేటు సంగతి. పటంలో రోడ్డు ఒక గీత, పట్టా ఒక గీత. గేటు ఉన్నచోట ఆ రెండు గీతలకూ ఉమ్మడిగా ఒక చుక్క ఉంటుంది, దానికి లెవల్ క్రాసింగ్ అని ట్యాగ్, అంటే అదేమిటో చెప్పే గుర్తు, పెడతారు. ఆ చుక్క ఉన్నంతకాలం దారి చూపే యాప్ 'ఇక్కడ దాటొచ్చు' అనే అనుకుంటుంది. అవతల గోడ కట్టారని, పట్టాల పక్కన కందకం తవ్వారని దానికి ఎవరు చెప్తారు?

బ్రౌజర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి 'ఎడిట్' నొక్కితే ఐడీ ఎడిటర్ వస్తుంది. పాత రోడ్డును పట్టాకు ఇవతల ఒకచోట, అవతల ఒకచోట కత్తెర గుర్తుతో తెంచండి. మధ్యలో మిగిలిన ముక్క నేల మీద లేదు కాబట్టి తీసేయండి. పట్టా గీత మీద మిగిలిన చుక్కకున్న గేటు ట్యాగ్ కూడా తీసేయండి. రెండువైపులా రోడ్డు కొస దాకా ఇళ్లుంటే ఆ రోడ్డు అలాగే ఉండాలి, అది అక్కడితో ఆగిపోతుందంతే. మొత్తం రోడ్డునే చెరిపేసినవాళ్లను చూశాను. అప్పుడు గేటు పక్క ఇళ్లకు దారే లేకుండా పోతుంది.

తర్వాత అండర్ బ్రిడ్జి గీయాలి. ఇక్కడ నాదొక పట్టుదల ఉంది. కింద నిలబడి పైకి చూడండి. రైలు గర్డర్ల మీదుగా పోతుంటే వంతెన రైలుది. పట్టా గీతను రెండుచోట్ల తెంచి, ఆ ముక్కకు బ్రిడ్జి ట్యాగ్, పైన ఉందని చెప్పే లేయర్ 1 పెట్టాలి. అలా కాక కట్ట కిందికి కాంక్రీటు పెట్టె తోసి దారి చేసి ఉంటే సొరంగం రోడ్డుది. రోడ్డు ముక్కకు టన్నెల్ ట్యాగ్, లేయర్ మైనస్ 1. రెండు పద్ధతుల్లోనూ రోడ్డు గీతకు, పట్టా గీతకు ఉమ్మడి చుక్క ఉండకూడదు. ఉంటే మీరు మళ్లీ గేటు కట్టినట్టే.

ఇంకొక్కటి, దీన్ని దయచేసి వదలొద్దు. అండర్ బ్రిడ్జికి ముందు ఎత్తు చూపే ఇనుప కమాను, దాని మీద అంకె ఉంటాయి. ఆ అంకెను మ్యాక్స్‌హైట్ కింద రాయండి. మన దగ్గర పత్తి లోడు, గడ్డి లోడు ఎత్తుగా కట్టుకొని పోతారు. లోపలికి పోయి ఇరుక్కున్న ట్రాక్టర్‌ను వెనక్కి తీయడం ఎంత కష్టమో నా సర్వీసులో కళ్లారా చూశాను. ఆ ఒక్క అంకె పటంలో ఉంటే డ్రైవర్ ముందే వేరే దారి చూసుకుంటాడు.

ప్రశ్న: మా ఊరి రోడ్డు డబుల్ రోడ్డు అయింది. నేను దాన్ని 'ట్రంక్' అని మార్చాను. రెండు రోజులకే ఎవరో 'టెర్షియరీ' అని దించేశారు. మా ఊరంటే ఇంత చులకనా?
– డిగ్రీ విద్యార్థిని, నర్సంపేట

జవాబు: చులకన కాదమ్మా. అది ఊరి హోదా కాదు, ఆ దారి ఏ పనికి ఉందో చెప్పే గుర్తు. మన దేశంలో మ్యాపర్లు మామూలుగా పాటించే పద్ధతి ఇది: జాతీయ రహదారి ట్రంక్, రాష్ట్ర రహదారి ప్రైమరీ, జిల్లా ప్రధాన రహదారి సెకండరీ. మండల కేంద్రాలను, పెద్ద ఊళ్లను కలిపేది టెర్షియరీ. రెండు పల్లెల మధ్య చిన్న రోడ్డు అన్‌క్లాసిఫైడ్, ఇళ్ల మధ్యది రెసిడెన్షియల్, పొలాలకు పోయే బండ్లబాట ట్రాక్. హైదరాబాద్ నుంచి మన వరంగల్, ములుగు మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు పోయే 163, జగిత్యాల నుంచి కరీంనగర్ మీదుగా వరంగల్ వచ్చే 563 ట్రంక్. వాటి సరసన మీ రోడ్డును పెడితే లారీలను మీ ఊరి మధ్యకు పిలిచినట్టు అవుతుంది. బడి ముందు నుంచి లారీలు పోవాలని మీరు కోరుకోరు కదా.

డబుల్ రోడ్డు అయిన సంగతి చెప్పడానికి వేరే ట్యాగులున్నాయి. లేన్స్ 2 అని రాయండి. సర్ఫేస్ దగ్గర బీటీ రోడ్డుకు ఆస్ఫాల్ట్, సీసీ రోడ్డుకు కాంక్రీట్ ఎంచుకోండి. ఇవి పటంలో రోడ్డు గీత రంగు మార్చవు, అందుకే ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే రంగు కన్నా ఇవే ముఖ్యం. నిండు గర్భిణిని ఆటోలో తీసుకెళ్లేవాళ్లకు కావలసింది గుంతలు లేని దారి. సర్ఫేస్, స్మూత్‌నెస్ ట్యాగులు నిండిన చోట యాప్‌లు ఆ లెక్క కూడా చూసుకోగలవు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఉంది. మీరు నిలబడిన చోటే 'ఈ రోడ్డు దేనితో వేశారు?' అని అడుగుతుంది, మీరు బొమ్మ నొక్కితే సరిపోతుంది. కాలేజీకి పోయేటప్పుడు బస్టాపులో చేసుకోవచ్చు.

ప్రశ్న: గూగుల్ మ్యాప్‌లో చూసి మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, రోడ్ల పేర్లు ఎక్కించొచ్చా?
– పరకాల నుంచి

జవాబు: వద్దు. ఒక్క పేరు కూడా. అది వాళ్ల సొత్తు. అలా ఎక్కించినది బయటపడితే దాంతోపాటు మీ మంచి పని కూడా తీసేయాల్సి వస్తుంది. కిలోమీటరు రాయి, పంచాయతీ బోర్డు, బడి గోడ, స్టేషన్‌లో పసుపు బోర్డు, వీటిని చూసి రాయండి. తెలుగు పేరును తెలుగు కోసం ఉన్న గడిలో తెలుగు లిపిలోనే రాయండి. మన పల్లెల పేర్లు చాలావరకు పటంలో ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి. చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల డేటాను 2022లో ప్రభుత్వమే అందరికీ అందుబాటులో పెట్టింది. దాన్ని పక్కన పెట్టుకొని పోల్చుకోవచ్చు గానీ, గంపగుత్తగా ఎక్కించేయకూడదు. అందుకు ముందుగా మిగతా మ్యాపర్లతో చర్చించాలనే నియమం ఉంది.

ప్రశ్న: మాది గోదావరిఖని. మా కాలనీ పక్కన పోయే బొగ్గు లైను పటంలో మామూలు రైల్వే లైనులా కనిపిస్తోంది. ఇక్కడ ప్యాసింజర్ ఎక్కవచ్చా అని చుట్టాలు అడుగుతున్నారు.
– సింగరేణి కార్మికుడు

జవాబు: పట్టా పట్టానే, కానీ దాని పని వేరు. రామగుండం చుట్టూ బొగ్గు లైన్లు చాలా ఉన్నాయి. గనికీ అక్కడి ఎన్టీపీసీ కరెంటు ప్లాంటుకూ మధ్య తిరుగుతూ బొగ్గు చేర్చే మెర్రీ గో రౌండ్ రైలు లైను కూడా అలాంటిదే. ఆ గీతలకు రైల్ ట్యాగ్ ఉంచి, యూసేజ్ దగ్గర ఇండస్ట్రియల్ అని రాయండి. మెయిన్ లైను నుంచి చీలి గనికి పోయే ముక్కకు సర్వీస్ దగ్గర స్పర్ అని, స్టేషన్‌లో బండ్లు నిలబెట్టే లైన్లకు సైడింగ్ లేదా యార్డ్ అని పెట్టాలి. కాజీపేట–బల్లార్షా లైను మాత్రం మెయిన్. 1929లో ఆ లైను పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ–మద్రాసు దారి మన మీదుగానే ఉంది.

మీ దగ్గర ఇంకో పని ఉంది, అది మీలాంటివాళ్లే చేయగలరు. ఓపెన్‌కాస్ట్ గని పెరిగేకొద్దీ పాత రోడ్లు అందులోకి పోతాయి, చుట్టూ తిప్పి కొత్తవి వేస్తారు. శాటిలైట్ ఫొటో పాతదైతే దాన్ని చూసి దూరం నుంచి గీసేవాళ్లు లేని రోడ్డును మళ్లీ మళ్లీ గీస్తుంటారు. షిఫ్టుకు మీరు రోజూ పోయే దారి ఏదో అదే గీయండి. పోయిన రోడ్డును ఊరికే చెరపకుండా, రోడ్డు లేదని ఒక నోట్ రాసిపెడితే తర్వాత వచ్చేవాళ్లు ఆగి ఆలోచిస్తారు.

ప్రశ్న: మనోహరాబాద్–కొత్తపల్లి లైను మా సిరిసిల్ల మీదుగా వస్తోంది. ఇప్పుడే గీసేయనా?
– చేనేత కుటుంబం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మట్టికట్ట లేచినంత మేర గీయండి, కన్‌స్ట్రక్షన్ అని ట్యాగ్ పెట్టండి. పేపర్లో వచ్చిన మ్యాపు చూసి మాత్రం గీయొద్దు. ఆ లైనులో సిద్దిపేట దాకా 2023 అక్టోబరులో రైలు మొదలైంది, అక్కడి దాకా అది మామూలు రైల్. రైలు కోసం ఏళ్ల తరబడి చూసిన ఊరి ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా పట్టా పడని చోట పట్టా చూపిస్తే, దాన్ని నమ్మి స్టేషన్ వెతుక్కుంటూ వచ్చేవాడికి ఏం చెప్తాం?

ప్రశ్న: వానలకు మా దగ్గర రోడ్లు తెగిపోతాయి. అప్పుడు పటంలో ఆ రోడ్లు మూసేయాలా?
– టీచరమ్మ, మహబూబాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దండం.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో చిక్కుకుంది. 2024 సెప్టెంబరు 1న మీ కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు అన్నం సహించలేదు. కట్ట మీద పడ్డ ఒక్కో తట్ట కంకర వెనుక ఎంతమంది గ్యాంగ్‌మన్‌ల నడుములున్నాయో నాకు తెలుసు.

అయితే పటం వార్తాపత్రిక కాదు. చాలామంది ఫోన్‌లో ముందే దించుకున్న పటం వాడతారు, అది కొత్తది కావడానికి వారాలు పడుతుంది. రెండు రోజులు మునిగిన రోడ్డును మీరు ఇవాళ మూసేస్తే, నీళ్లు పోయిన నెలకు కూడా ఎవరి ఫోన్‌లోనో అది మూసే ఉంటుంది. వంతెన కొట్టుకుపోయి నెలల తరబడి దారి లేకపోతే అప్పుడు మూయండి, బాగయ్యాక తెరిచే బాధ్యత కూడా మీదే. రెండు మూడు రోజుల ముంపు కోసం అయితే పటాన్ని ముట్టుకోకండి.

అసలు పని వాన రాకముందే ఉంది. ఎండాకాలంలో తిరిగి, రోడ్డు మీదుగా నీళ్లు పారే చోట్లన్నీ గుర్తించండి. ఒర్రె దాటేచోట కల్వర్టు ఉందా, లోలెవల్ కాజ్‌వే ఉందా, నేరుగా వాగులోకే దిగి ఎక్కుతారా? నీళ్లలో నుంచే దాటేచోట ఫోర్డ్ అని, వానకు మునిగే ముక్కకు ఫ్లడ్ ప్రోన్ అని ట్యాగులు ఉన్నాయి. చెరువు మత్తడి దుంకితే ఏ రోడ్డు మునుగుతుందో మీ ఊళ్లో ముసలివాళ్లను అడిగితే నిద్రలో లేపినా చెప్తారు. ఆ జ్ఞానం ఏ శాటిలైట్ ఫొటోలోనూ కనపడదు. శాటిలైట్‌కు కల్వర్టూ కాజ్‌వే ఒక్కలాగే ఉంటాయి. తేడా రాత్రిపూట 108 డ్రైవర్‌కు తెలుస్తుంది, కానీ అప్పటికి ఆలస్యమవుతుంది. మీ పిల్లలతో ఒక్కొక్కరి ఊరి వాగు పేరు, దాటే చోటు రాయించండి. సాంఘికశాస్త్రంలో దీన్ని మించిన ప్రాజెక్టు నాకు తోచదు. వాగు లోపలికి మాత్రం పిల్లల్ని పంపొద్దు, ఒడ్డు మీద నుంచి చూసి రాస్తే చాలు.

ప్రశ్న: మేడారం జాతరకు వేసే తాత్కాలిక రోడ్లు, వన్‌వేలు పటంలో పెట్టాలా?
– ములుగు నుంచి

జవాబు: జాతర రెండేళ్లకోసారి, కొద్ది రోజులే. పోలీసులు పెట్టే వన్‌వేలు ఆ రోజులకే. వాటిని మామూలు వన్‌వే ట్యాగుగా పెడితే ఏడాది పొడవునా పస్రా, తాడ్వాయి వైపు ఊళ్లవాళ్లు యాప్‌లో చుట్టూ తిరగాల్సి వస్తుంది. పెట్టొద్దు. ఎప్పటికీ ఉండేవి పెట్టండి: గద్దెల దగ్గరి దారులు, జంపన్న వాగు మీది వంతెనలు, తాగునీటి కుళాయిలు, మరుగుదొడ్లు, ఆసుపత్రి. పార్కింగ్ పొలాలు జాతర అయ్యాక మళ్లీ పొలాలే కదా.

ప్రశ్న: పట్టాల వెంట నడుస్తూ జీపీఎస్‌తో సర్వే చేస్తే బాగా వస్తుందని మా క్లాస్‌మేట్లు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. అసలు పటాలు గీయడం చట్టబద్ధమేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెప్తాను. 2021 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. మన దేశస్థులు, మన సంస్థలు పటాల డేటా సేకరించడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదని చెప్పింది. రక్షణకు సంబంధించిన సున్నితమైన వివరాలకు మాత్రం పరిమితులున్నాయి. నేను ఉద్యోగంలో తెలుసుకున్న క్యాబిన్ల లోపలి సంగతులు, సిగ్నల్ గదుల వివరాలు ఎన్నడూ పటంలోకి తీసుకురాలేదు, తీసుకురాను. దారిన పోయేవాడికి కనపడేదే పటానికి చాలు.

పట్టాల మీద నడవడం మాత్రం వద్దే వద్దు, తల్లీ. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కరెంటు ఇంజన్ బండి ఎంత చప్పుడు లేకుండా మీదికొస్తుందో పట్టాల మీద పనిచేసినవాళ్లకు తెలుసు. లుక్‌ఔట్ మనిషిని నిలబెట్టుకొని, ఈల వినపడితే పక్కకు దూకే పని అది. ఫోన్ చూస్తూ చేసేది కాదు.

కాజీపేటలో టికెట్ కొనుక్కొని కిటికీ పక్కన కూర్చోండి. ఫోన్‌లో జీపీఎస్ ట్రేస్ (పోయిన దారి గీత) రికార్డు పెట్టి, కిటికీ దగ్గర పట్టుకోండి. హసన్‌పర్తి రోడ్డు, ఉప్పల్, జమ్మికుంట దాకా పోయి వస్తే మంచి గీత వస్తుంది. శాటిలైట్ ఫొటో పక్కకు జరిగి ఉంటే ఆ గీతతో సర్దుకోవచ్చు. రెండు పట్టాలుంటే రెండు గీతలు, మూడో లైను పడినచోట మూడు. ఒక్కోదానికి గేజ్ (పట్టాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) 1676, పైన తీగ ఉంటే ఎలక్ట్రిఫైడ్ దగ్గర కాంటాక్ట్ లైన్, వోల్టేజ్ 25000, ఫ్రీక్వెన్సీ 50. ఇవన్నీ నిండితే, ఇదే డేటాతో రైలు మార్గాలను చూపే ఓపెన్‌రైల్వేమ్యాప్‌లో ఆ లైను తన రంగులో కనపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ ఆనందం వేరు.

మీ దగ్గర కాజీపేట త్రిభుజం ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడండి. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపుల లైన్లు అక్కడ కలుస్తాయి. ఢిల్లీ నుంచి చెన్నై పోయే బండ్లు కొన్ని కాజీపేట స్టేషన్‌కు రాకుండానే బైపాస్ లైను మీదుగా నేరుగా వరంగల్ వెళ్తాయి. అలా బైపాస్ మీద పోయే బండి రూటు గీత పటంలో ఆ లైను వదిలి స్టేషన్ మీదుగా పోతుంటే తప్పు దొరికినట్టే. ఇంకొకటి, బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని రైల్వే 2019 జనవరి 31 నాటికి ప్రకటించింది. కాబట్టి పటంలో ఈ లైను మీద ఎక్కడైనా అలాంటి గేటు కనిపిస్తే దాని పక్క ఊరికి పోయి చూడండి. మూసేశారా, కాపలా పెట్టారా, కింద నుంచి దారి చేశారా? మా తరంవాళ్లకు ఏది ఎక్కడ ఉండేదో గుర్తుంది, మీ తరానికి ఫోన్ చేతిలో ఉంది. రోజూ పట్టాలు తనిఖీ చేసి రిటైరైన కీమన్‌నో, గేట్‌మన్‌నో వెంట తీసుకెళ్లండి, సంతోషంగా వస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. కష్టపడి గీసిన రోడ్డును ఎక్కడో బెంగళూరులో కూర్చున్న మనిషి తీసేశాడట. ఇక చేయనంటున్నాడు.
– ఒక తండ్రి, జనగామ

జవాబు: బాధ న్యాయమైనదే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో స్వచ్ఛందంగా చేసేవాళ్లతోపాటు కంపెనీల జీతం మీద చేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు తెర మీద కనిపించేది చూసి చేస్తారు, చాలామంది మంచివాళ్లే. చెట్ల కింద దారి వాళ్లకు కనపడదు. తీసేసిన మార్పును తెరవమనండి. దాన్ని చేంజ్‌సెట్ అంటారు, దాని కింద వ్యాఖ్య రాసే గడి ఉంటుంది. కోపంగా కాకుండా, 'ఈ దారిలో నేను రోజూ సైకిల్ మీద పోతాను, మట్టి రోడ్డు, ఫలానా చెరువు కట్ట కింద మొదలవుతుంది' అని రాయమనండి. దారుల ఫొటోలు పంచుకునే మ్యాపిల్లరీలో ఒక ఫొటో ఎక్కించి దాని లింకు కూడా ఇస్తే చాలాసార్లు వాళ్లే తిరిగి పెట్టేస్తారు. వారం దాకా జవాబు రాకపోతే రోడ్డును మళ్లీ గీసి, ఈసారి మూలం గడిలో 'స్వయంగా చూశాను' అని తప్పక రాయమనండి. అదే మనిషి మళ్లీ తీసేస్తే ఆ రెండు చేంజ్‌సెట్ల నంబర్లు ఈ శీర్షికకు పంపండి, నేను మాట్లాడతాను.